ఇరవై పాయింట్ రెండు

నిజానికి ఇది మహాకావ్యం కావలసిన విషయం. ఇందులో యుద్ధం ఉంది. ఒక పక్క ఆమ్లం, ఇంకో పక్క క్షారం, మధ్యన గాజు కోట. తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడటం ఉంది. పరదేశం నుంచి, అంటే గౌతమీ గోదావరి అవతలి ఒడ్డు నుంచి, నది దాటి వచ్చిన న్యాయాధికారి ఉన్నాడు. చిట్టచివర ఒకే ఒక్క చుక్క దగ్గర సత్యం తేలడం కూడా ఉంది.

అని మొదలుపెడదామనుకున్నాను గానీ, అంత లేదు. ఇది ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ సంగతి. మొత్తం వ్యవహారం మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయింది.

నేను ఇప్పుడు రాజోలు దగ్గర రొయ్యల మేత అమ్మే కొట్టులో నీళ్ళు పరీక్ష చేస్తుంటాను. రైతులు చెరువు నీళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకొస్తారు. వాటిలో క్షారం ఎంతుందో చూసి సున్నం వెయ్యాలో అక్కర్లేదో చెప్పాలి. ఒకాయన సీసా కడక్కుండా తెచ్చాడు. నా లెక్క ప్రకారం ఆయన రొయ్యలు నిమ్మసోడాలో పెరుగుతున్నాయి.

మొన్న రాజుగారు సీసా తెచ్చి బల్లమీద పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను బ్యూరెట్టు గొట్టం ట్యాపు తిప్పుతున్నాను. పసుపు రంగు నారింజలోకి తిరిగే చోట ఆపాలి.

"మీరు అమలాపురం కాలేజీలో చదివేరు కదండీ? అక్కడ ల్యాబ్‌లో ఉండేవారు చూడండి, ఆయ్‌గారు. మా ఊరేనండి. మంగళవారం పోయేరండి."

ఫ్లాస్కులో నీళ్ళు ఎర్రబడిపోయాయి.

"అయ్యో, బాధపెట్టేనాండీ?" అన్నారు రాజుగారు.

"లేదండి. ఒక చుక్క ఎక్కువ పడింది. మళ్ళీ చెయ్యాలి."

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా కాలేజీలో చదివిన వాళ్ళెవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన ఆయ్‌గారే. ఎవరు ఏం చెప్పినా "ఆయ్" అనేవారు, మా వైపు "అవునండి" అన్నమాట. ప్రిన్సిపాల్ గారు పిలిస్తే "ఆయ్". కుర్రాళ్ళు మంచినీళ్ళు అడిగితే "ఆయ్". ఎవరో సీనియరు, "రేపట్నుంచి సూర్యుడు పడమట పొడుస్తాడంటండీ" అంటే, "ఆయ్, అయితే ల్యాబ్ కిటికీలకి ఇటేపు కర్టెన్లు కట్టాలండి" అన్నారట. కాదు అనే మాట ఆయన దగ్గర స్టాకు లేదు.

హోదా అటెండరు. పని మొత్తం ల్యాబ్‌ది. ఇంకో విశేషం, ప్రపంచంలో దేన్నీ ఆయన ఏకవచనంలో పిలిచేవారు కాదు. బ్యూరెట్టు మొనలో గాలిబుడగ ఇరుక్కుంటే, "బుడగ గారు కూర్చున్నారండి మూల. కొంచెం లేపండి," అనేవారు. తిట్టినా మర్యాద తప్పేది కాదు. "మీరు దేనికీ పనికిరారండి బాబూ. ఆయ్." అంత గౌరవంగా నన్ను మళ్ళీ ఎవరూ తిట్టలేదు. ప్రయత్నించిన వాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

ఆయన ఖాకీ చొక్కా నిండా యాసిడ్ చిల్లులు. మొదటిరోజు నా ఇంటిపేరు విని, కుడి మోచేతి దగ్గర ఒక చిల్లులో వేలు పెట్టి చూపించారు.

"ఇది మీ అన్నయ్య గారండి. మూడేళ్ళయింది. బాగున్నారాండీ?"

"బాగున్నాడండి."

"ఈయన పక్కనున్నది మీ పెదనాన్నగారి అబ్బాయండి. మీకు ఎడం జేబు దగ్గర చోటుందండి."

మా వంశవృక్షం ఒకరి చొక్కా మీద ఉందని అప్పుడే తెలిసింది.

పిప్పెట్టు నోటితో పీల్చడం నేర్పడానికి ఆయనకో పద్ధతి ఉండేది. మొదటి వారం కాస్టిక్ సోడా ద్రావణం ఇచ్చేవారు కాదు. కాలేజీ వెనక కొబ్బరిచెట్టు నుంచి బొండాలు దింపించి, శుభ్రంగా కడిగిన బీకర్లలో ఆ నీళ్ళు పోసి, కొత్త పిప్పెట్లు ఇచ్చేవారు. గీత దాకా పీల్చి, వేలితో మూసి, పట్టి ఉంచాలి. గీత దాటి పీలిస్తే నోట్లోకి వస్తుంది. మా బ్యాచ్‌లో ఒక్కడు కూడా గీత దగ్గర ఆగలేదు. గంటన్నరలో బీకర్లు ఖాళీ. శ్రీనుగాడైతే "ఇంకోసారి ప్రాక్టీసు చేస్తానండి" అని మూడుసార్లు వరసలో నిలబడ్డాడు.

 రెండో వారం ఆయ్‌గారు అవే బీకర్లలో కాకరకాయ రసం పోసి పెట్టారు. పది నిమిషాల్లో అందరూ గీత దగ్గర ఆగడం నేర్చేసుకున్నారు.

ఇక అసలు విద్య, టైట్రేషన్. ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల సోడా ద్రావణం, అందులో రెండు చుక్కలు ఫినాఫ్తలీన్. రాణీ పింకు రంగు వస్తుంది. పైన బ్యూరెట్టులో యాసిడ్. ఎడం చేత్తో ట్యాపు తిప్పుతూ, కుడి చేత్తో ఫ్లాస్కు ఊపుతూ, చుక్క చుక్కా వదలాలి. ఎక్కడో ఒక చుక్క దగ్గర రంగు మాయమైపోతుంది. అక్కడ ఆపి, ఎంత యాసిడ్ దిగిందో చదవాలి. ఆ ఒక్క చుక్కని బట్టి మనిషి జీవితం గురించి ఏదో చెప్పొచ్చు. చెప్పను. అది యాసిడ్ చుక్క, అంతే.

ఆయ్‌గారు మా వెనక నడుస్తూ ఉండేవారు.

"ఊపండి, ఊపండి. ఉయ్యాల్లో పాపాయిని ఊపినట్టు ఊపాలండి. మీరు మజ్జిగ చిలుకుతున్నారండి."

"గరాటు దింపండి బాబూ. అదక్కడుంటే ఓ చుక్క దాచుకుని, మీరు చూడనప్పుడు వదుల్తుందండి."

"మోకాళ్ళు వంచి చదవండి. నిలబడి చదివితే బ్యూరెట్టు గారు అబద్ధం చెప్తారండి."

రీడింగు చదివేటప్పుడు ఆయన మోకాళ్ళు వంచి, ఒక కన్ను మూసి, గీతకి సరిగ్గా కన్ను ఆనించి నిలబడేవారు. దూరం నుంచి చూస్తే బ్యూరెట్టు ఎదుట ఎవరో గోడకుర్చీ వేసినట్టుండేది.

ఆయన గర్వమంతా ఒక్కచోట ఉండేది. ద్రావణం తయారీలో. కాస్టిక్ సోడాని తూకం వేసి నమ్మకూడదని పుస్తకంలోనే ఉంది. గాలి తగిలితే చాలు, అందులోని తేమ తాగేసి బరువెక్కుతుంది. మా కోనసీమ గాలి సంగతి చెప్పక్కర్లేదు, ఉతికిన చొక్కా ఆరేలోపు మళ్ళీ ఉతకాల్సి వస్తుంది. అయినా ఆయ్‌గారు సీసా మూత బిగించి, చుట్టూ మైనం పూసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మైనం గీకి, తూచి, మళ్ళీ మైనం పూసి, ఆ పుస్తకాన్ని పాతికేళ్ళు ఓడించారు. ఆయన ఇంత వస్తుందన్నారంటే అంతే వచ్చేది. కొత్తపేట కాలేజీ వాళ్ళు కూడా ప్రాక్టికల్స్ ముందు కబురుపెట్టి తీసుకెళ్ళేవారు. "తూచేనంటే తూచేనంతేనండి," అనేవారు. ఆయన నోట వినపడ్డ గొప్ప ఇదొక్కటే.

మా రెండో ఏడు ఆయన్ని ల్యాబ్ అసిస్టెంటు చెయ్యాలని కెమిస్ట్రీ మేష్టారు కాగితం పెట్టారు. ప్రిన్సిపాల్ గారి సంతకం ఒక్కటే మిగిలింది. ప్రాక్టికల్స్ సవ్యంగా అయిపోతే సంతకం అన్నారు. ప్రాక్టికల్స్ ఎప్పుడూ సవ్యంగానే అయ్యేవి, అందుకో కారణం ఉంది.

పరీక్ష రోజు ఏ ద్రావణానికి ఎంత రీడింగు రావాలో ఆయ్‌గారు రిజిస్టర్లో రాసి మేష్టారికి ఇచ్చేవారు. మేష్టారు దాన్ని బల్లమీద తెరిచిపెట్టి, కిటికీ దగ్గరికెళ్ళి పది నిమిషాల సేపు కొబ్బరిచెట్లు లెక్కపెట్టేవారు. ఏళ్ళ తరబడి లెక్కపెట్టినా ఆ చెట్ల లెక్క ఆయనకి తేలలేదు. ఈ లోపు కుర్రాళ్ళకి పని తేలిపోయేది. ఇక మిగిలింది కళాపోషణ. మూడు రీడింగులు రాయాలి. మూడూ ఒకటే రాస్తే దొంగతనం బయటపడుతుంది. కాబట్టి మొదటిది కాస్త తప్పు రాసి, రెండోదీ మూడోదీ సరిగ్గా రాయాలి. నిజాయితీ కనిపించాలి కదా.

ఆ రోజు రిజిస్టర్లో ఉన్నది ఇరవై పాయింట్ రెండు.

బ్యాచ్‌లో ఇరవై నాలుగు మందిమి. శ్రీనుగాడు పి.గన్నవరంలో మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళాడు. మిగిలిన ఇరవై ముగ్గురిలో ఆయ్‌గారి అమ్మాయి సత్యవేణి ఒకతె. రెండేళ్ళూ ల్యాబ్‌లో ఆ అమ్మాయి ఆయన్ని నాన్నా అనలేదు, ఆయన ఆ అమ్మాయిని పేరుపెట్టి పిలవలేదు. "అమ్మాయి గారూ, గరాటు దింపండి," అంటే, "దింపేనండి," అనేది. ఇంట్లో కూడా ఇంతేనా అని ఒకసారి అడిగాను. "ఇంట్లో గరాటు లేదు," అంది.

పరీక్షకి గంటా గంటన్నర టైము. అరగంటలో మా ఇరవై రెండు మందికీ ఇరవై పాయింట్ రెండు వచ్చేసింది. మిగతా టైమంతా బ్యూరెట్టు వైపు ఆలోచనగా చూస్తూ నిలబడ్డాం. సత్యవేణి ఒక్కతే వంగుతోంది, లేస్తోంది, ఊపుతోంది. పక్క బల్లవాడు గొంతు తగ్గించి, "ఇరవై పాయింట్ రెండు," అని రెండుసార్లు అందించాడు. వినపడ్డట్టు తల ఊపి, తన పని తాను చేసుకుంది. ఆమె రాసింది పద్దెనిమిది పాయింట్ ఐదు, పద్దెనిమిది పాయింట్ నాలుగు, పద్దెనిమిది పాయింట్ నాలుగు.

ఆయ్‌గారు వెనక నుంచి వస్తూ ఆ కాగితం చూశారు. ఒక అడుగు ముందుకి వేసి, మళ్ళీ వెనక్కి వేసి ఇంకోసారి చూశారు. "ఊపండి, ఊపండి," అని గొణిగి వెళ్ళిపోయారు. అప్పటికి ఎవరూ ఏమీ ఊపడం లేదు.

అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగారు. ప్రిన్సిపాల్ గారు అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, భోజనానికి పిలవడానికి.

"ఏమ్మా, అందరికీ ఇరవై పాయింట్ రెండొస్తే నీకు పద్దెనిమిది పాయింట్ నాలుగు ఎలా వచ్చింది?"

"వచ్చిందండి."

"సరిగ్గా చూసేవా?"

"మూడుసార్లు చూసేనండి."

"అయితే వీళ్ళందరిదీ తప్పంటావా?"

"నాకు తెలీదండి. నేను వాళ్ళ ఫ్లాస్కులు చూళ్ళేదండి."

మేమందరం ఎవరి ఫ్లాస్కులు వాళ్ళం చూసుకున్నాం. నా దాంట్లో ద్రావణం ఇంకా రాణీ పింకులో మెరుస్తోంది. ఒక్క చుక్క కూడా వదల్లేదు మరి. చేత్తో అడ్డం పెట్టాను.

"ద్రావణం ఎవరు కలిపేరు?"

ఆయ్‌గారు చేతులు కట్టుకుని ముందుకొచ్చారు. "నేనేనండి."

"ఎంత రావాలి?"

"రిజిస్టర్లో రాసింది ఇరవై పాయింట్ రెండండి."

"అంటే ఈ అమ్మాయిది తప్పు. అంతేనా?"

ఎవరడిగినా వెంటనే ఆయ్ అనే మనిషి. ల్యాబ్ మొత్తం ఆ ఆయ్ కోసం ఎదురుచూసింది. మేష్టారైతే ముందే తల ఊపేశారు. ఆ ఒక్క మాట అంటే కూతురికి మార్కులు పోతాయి. అనకపోతే పాతికేళ్ళ తూకం పోతుంది, దాంతోపాటు గుమ్మంలో నిలబడ్డ సంతకం కూడా పోతుంది.

"ఒక్క పావుగంట ఇప్పిస్తే నేను చేసి చూపిస్తానండి," అన్నారు ఆయ్‌గారు.

"ఇప్పుడెందుకయ్యా, కూరలు చల్లారిపోతున్నాయి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"చెయ్యనివ్వండి," అన్నారు ఎగ్జామినర్ గారు, కుర్చీ లాక్కుంటూ.

రెండేళ్ళలో ఆయన టైట్రేషన్ చెయ్యడం మేం చూడలేదు. మా చేత చేయించడమే చూశాం. బ్యూరెట్టు మూడుసార్లు కడిగారు. యాసిడ్ పోశారు. గరాటు దింపి పక్కన పెట్టారు. మొనలో బుడగ గారిని లేపారు. పిప్పెట్టు నోట్లో పెట్టుకుని గీత దగ్గర ఆపారు, కాకరకాయ అక్కర్లేకుండా. ఫ్లాస్కు పాపాయిలా ఊగింది. పదిహేడు దాటాక చుక్క పడటం నెమ్మదించింది. గోడ గడియారం చప్పుడు వినపడింది, అని రాస్తే బావుంటుంది గానీ ఆ గడియారం మేం చేరకముందే ఆగిపోయింది. వినపడింది ప్రిన్సిపాల్ గారి కడుపు.

ఒక చుక్క పడింది. రంగు పోయింది. ఆయ్‌గారు మోకాళ్ళు వంచి, ఒక కన్ను మూసి చాలాసేపు చదివారు. అంతసేపు చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

"పద్దెనిమిది పాయింట్ నాలుగండి. అమ్మాయి గారిది కరెక్టండి. నా రిజిస్టరు తప్పండి."

 కూతురు ఆయన బ్యూరెట్టు పట్టుకున్న చేతి వైపు చూస్తూ నిలబడింది.

ఎగ్జామినర్ గారు మా వైపు తిరిగారు. "బాగుంది. ద్రావణం తప్పయితే మరి ఈ ఇరవై రెండు మందికీ ఇరవై పాయింట్ రెండు ఎలా వచ్చిందయ్యా?"

మేష్టారు గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి కొబ్బరిచెట్లు చూడసాగారు. మాకు చూసుకోవడానికి ఏ చెట్టూ లేదు. నా చెయ్యి ఇంకా ఫ్లాస్కు మీదే ఉంది, వేళ్ళ మధ్యనుంచి పింకు కనపడుతోంది.

"పిల్లలు నా మీద గౌరవంతో రాసేరండి," అన్నారు ఆయ్‌గారు.

ఎగ్జామినర్ గారు ఆయన్ని ఓసారి పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత చేతి గడియారం చూసుకున్నారు. పెన్ను మూత పెట్టేసి, ప్రిన్సిపాల్ గారితో భోజనానికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో ఆగి, "ఇంత అజాగ్రత్తేంటయ్యా," అన్నారు.

"ఆయ్," అన్నారు ఆయ్‌గారు.

అందరూ వెళ్ళాక నేను ఉండిపోయాను. జాలితో కాదు, నా ఫ్లాస్కులో ఉన్నది ఎవరూ చూడకుండా పారబొయ్యాలి. ఆయ్‌గారు తొట్టి దగ్గర బ్యూరెట్లు కడుగుతున్నారు. పక్కన సబ్బు ఉంది, తెల్లగా, ఇటుక ముక్కంత. వారం నుంచీ అక్కడే ఉంది. మేష్టార్లందరి ఇళ్ళలోనూ అదే సబ్బని అప్పటికే విన్నాం.

"మీ తూకం ఎలా తప్పిందండీ?" అని అడిగాను.

"ముందు చేతులు కడుక్కోండి బాబూ. మంచి సబ్బండి. కొబ్బరినూనెది. ప్రిన్సిపాల్ గారి మేడమ్ గారు స్వయంగా చేసేరండి."

కడుక్కున్నాను. నురగ బాగానే వచ్చింది. అప్పుడు వెలిగింది. కొబ్బరినూనె సబ్బవ్వాలంటే అందులో కాస్టిక్ సోడా కలపాలి. బీరువా వైపు చూశాను. సోడా సీసా ముందు వరసలోనే ఉంది. మూత చుట్టూ కొత్త మైనం. లోపల పలుకులు విడివిడిగా లేవు, చెమట పట్టిన పటికబెల్లంలా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"సీసా మేడమ్ గారింటికి వెళ్ళిందాండీ?"

"నాల్రోజులుండి వచ్చిందండి. మూత కొంచెం వదులుగా పెట్టేరండి. తేమ తాగేసింది. నేను సోడా అనుకుని నీళ్ళు కూడా తూచేనండి. నేనే చూసుకోవాలి."

"ఆ మాట అక్కడ చెప్పొచ్చు కదండీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మేడమ్ గారి పేరా? అంతమందిలోనా? బాగుంటుందేంటండీ?"

"పోనీ, అడిగినప్పుడే ఇవ్వనంటే పోయేది."

"ఆవిడ అడిగితే ఇవ్వనని ఎలా అంటామండీ బాబూ."

 ఆయన ఒక బ్యూరెట్టు తీసి వెలుగుకి ఎత్తి, లోపల చుక్క మిగిలిందేమో చూశారు. నేను తువ్వాలు అందించబోయి, అక్కడున్న యాసిడ్ సీసాకి మోచెయ్యి తగిలించాను. కొంచెమే ఒలికింది. ఆయన ఎడం జేబు పక్కన పొగ వచ్చింది. ఆయ్‌గారు తడిచేత్తో గబగబా తుడుచుకుని, చిల్లులో వేలు పెట్టి చూశారు.

"ఆయ్. మీరూ వచ్చేసేరండి," అన్నారు.

ఇదంతా రాజుగారికి చెప్తూ రెండోసారి టైట్రేషన్ చేశాను. గరాటు దింపాను. మోకాళ్ళు వంచి చదివాను. వాళ్ళ చెరువుకి సున్నం అక్కర్లేదు.

"ల్యాబ్ అసిస్టెంటు కాగితం ఏమైందండీ?" అని అడిగాను.

"ఎక్కడండీ. దాని మీద అజాగ్రత్త అని రాసేరంట. రిటైరయ్యేదాకా అటెండరేనండి." రాజుగారు సీసా తీసుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఇంతకీ ఆ అమ్మాయికి ఎన్ని మార్కులు వచ్చేయండి?"

ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. మా అందరికీ ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. పెళ్ళికి వెళ్ళిన శ్రీనుగాడికి ఇరవై ఎనిమిది.